మామూలు బడిలో మా పాప: రెండేళ్ళ అనుభవం

మాది తెనాలి. మా పాపకు సెరిబ్రల్ పాల్సీ, అంటే కండరాల మీద మెదడుకు ఉండే అదుపు దెబ్బతినడం. అందులో స్పాస్టిక్ డైప్లీజియా అనే రకం. రెండు కాళ్ళూ బిగుసుకుపోయి ఉంటాయి, చేతుల్లో ఆ బిగువు కాస్త తక్కువ. వాకరు పట్టుకుని నడుస్తుంది. మాట నెమ్మదిగా వస్తుంది గానీ అర్థమవుతుంది. నోరు మాత్రం మా ఇంట్లో అందరికన్నా పెద్దది. ఇప్పుడు యూకేజీ. ఫిజియోథెరపీ దగ్గర కలిసే తల్లులు నన్ను అడిగేది ఒకటే: "మామూలు బడిలో ఎలా చేర్చుకున్నారమ్మా?" వరండాలో ఐదు నిమిషాల్లో చెప్పేస్తే అయ్యేది కాదు గనక వరసగా రాస్తున్నాను.

2023 జూలైలో మా ఫిజియోథెరపిస్టే ఈ మాట ఎత్తారు. "గంటసేపు నేను చేయించేది ఒక ఎత్తు, తోటి పిల్లల మధ్య పూటంతా కూర్చోవడం ఒక ఎత్తు. ఇక పంపండి" అన్నారు. పాపకు అప్పటికి మూడేళ్ళు దాటాయి. మా అత్తగారు ఒప్పుకోలేదు. "నడక రానీయమ్మా, పంపుదాం. పిల్లలు తోసేస్తే?" అన్నారు. ఆవిడ భయం నాకూ ఉంది. కానీ నడక ఫలానా నాటికి వస్తుందని ఏ డాక్టరూ చెప్పలేదు. బడి ఈడు మాత్రం దాని దారిన అది వచ్చేసింది.

మొదట మా వీధి చివరి అంగన్‌వాడీకి తీసుకెళ్ళాను. టీచరు పాపను చూసి, వాకరును చూసి, "రేపటి నుంచి తీసుకురా అమ్మా" అంది. అంతే. ఆధార్ నంబరు రాసుకోవడం తప్ప పరీక్ష లేదు, ప్రశ్న లేదు. తరువాత ఎన్ని పెద్ద గేట్లు దాటినా అంత తేలికగా "తీసుకురా" అన్నవాళ్ళు మళ్ళీ దొరకలేదు.

అక్కడి చిక్కల్లా నేల. పిల్లలందరూ బాసింపట్టు వేసుకుని కూర్చుంటారు. మా పాప తొడల వెనక కండరాలు పట్టేసి అలా కూర్చోలేదు. వదిలేస్తే మోకాళ్ళు ముందుకు, పాదాలు వెనక్కి వేసి కూలబడుతుంది. అలా కూర్చుంటే తుంటి కీలుకు మంచిది కాదని ఫిజియో హెచ్చరించి ఉన్నారు. వారం గడవకముందే టీచరు తన ఇంటి నుంచి స్నానాల పీట ఒకటి తెచ్చింది, ప్లాస్టిక్‌ది. గోడ మూలన వేసి పాపను దాని మీద కూర్చోబెట్టింది. వీపుకు రెండు వైపులా గోడ ఆసరా, పాదాలు నేలకు ఆనాయి. ఆ నవంబరు 28న కేంద్ర ప్రభుత్వం దివ్యాంగ పిల్లల కోసం అంగన్‌వాడీ ప్రొటోకాల్ విడుదల చేసింది. మా టీచరుకు దాని మీద శిక్షణ ఆ తరువాత ఎప్పుడో ఇచ్చారు. పీట సంగతి అంతకు చాలా ముందే ఆవిడకు తట్టింది.

అంగన్‌వాడీలో చేర్చినందుకు నేను అనుకోని లాభం మరొకటి కలిగింది. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వైద్య బృందం సెప్టెంబరులో పిల్లలను పరీక్షించడానికి అక్కడికే వచ్చింది. వాళ్ళిచ్చిన చీటీతో జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి, అందరూ డీఈఐసీ అనే చోటికి వెళ్ళాం. చీటీ ఇచ్చాక మూడు వారాలకు పిలిచారు. పొద్దున వెళితే సాయంత్రం అయింది. చెవి, కన్ను, ఫిజియో, మాట, చివర సైకాలజిస్టు. పైసా తీసుకోలేదు. పాపకు మధ్యాహ్నం నిద్ర ముంచుకొచ్చి సైకాలజిస్టు గదిలో ఏడుపు లంకించుకుంటే, ఆవిడ విసుక్కోకుండా మర్నాడు మళ్ళీ రమ్మన్నారు. ఇలాంటి పరీక్షలకు వెళ్ళేటప్పుడు ముందుగా సైకాలజిస్టు దగ్గర పేరు రాయించుకోండి. పిల్ల చురుగ్గా ఉన్నప్పుడే ఆ పరీక్ష జరగాలి. ఆ రిపోర్టులో "మేధో వికాసం వయసుకు తగినట్టు ఉంది" అన్న ఒక్క వాక్యం తరువాత బడుల చుట్టూ తిరిగినప్పుడు నాకు అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చింది. అందుకు సంతోషించాలో ఏడవాలో తెలియదు. ఆ వాక్యం రాయించుకోలేని పిల్లలకూ బడి కావాలి కదా.

వైకల్యం ఎంత శాతమో తేల్చి సర్టిఫికెట్ ఇచ్చే ప్రభుత్వ శిబిరాన్ని సదరం అంటారు. దాని స్లాటు కోసం అక్టోబరు నుంచే సచివాలయం చుట్టూ తిరిగాం. తెరిచిన కాసేపటికే స్లాట్లు నిండిపోతాయి. చివరికి జనవరిలో దొరికింది. శిబిరం రోజు చలిలో పొద్దున్నే వెళ్ళి వరుసలో కూర్చుంటే, డాక్టరు చూసింది పది నిమిషాలు కూడా లేదు. బల్ల మీద పడుకోబెట్టి, కాళ్ళ తొడుగులు తీయించి, చీలమండ ఎంత వంగుతోంది, మోకాలు ఎంత సాగుతోంది అని కొలిచారు. 60 శాతం అని వచ్చింది. ప్రయోజనాలకు కావలసిన హద్దు 40. చిన్న పిల్ల గనక తాత్కాలిక సర్టిఫికెట్ ఇచ్చారు, గడువు తారీఖు వేసి. ఆ తారీఖును కాలెండరులో గుర్తు పెట్టుకోండి, ఎవరూ ఫోను చేసి గుర్తు చేయరు. యూడీఐడీ కార్డు, అంటే వికలాంగులకు కేంద్రం ఇచ్చే గుర్తింపు కార్డు, పోస్టులో రావడానికి ఏప్రిల్ దాకా పట్టింది. దానికోసం ఆగనక్కరలేదు, వెబ్‌సైటు నుంచి దించుకున్న కాపీ కూడా చెల్లుతుంది.

సర్టిఫికెట్ చేతికి వచ్చాక బడుల వేట. జనవరి చివర నుంచి మార్చి దాకా.

మొదటి బడివాళ్ళు ఫోనులో ఎల్‌కేజీ సీట్లు బోలెడున్నాయని చెప్పారు. పాపను వాకరుతో తీసుకెళ్ళిన గంటకు సీట్లన్నీ నిండిపోయాయి. రెండో చోట పాపకు పరీక్ష పెట్టారు. రంగులు చెప్పింది, అంకెలు చెప్పింది, అడగని పాట కూడా పాడింది. తరువాత ఆ టీచరమ్మ, "ఒంటికాలి మీద నిలబడు నాన్నా" అంది. ఎల్‌కేజీ పిల్లలందరికీ అడిగే ప్రశ్నేనట. పాప నా వైపు చూసింది. నేను వాకరు అందుకుని లేచాను. బయటికి వచ్చాక ఆటోలో పాప అడిగింది, "నేను తప్పు చెప్పానా అమ్మా?" అని. ఆ బడి పేరు ఇక్కడ రాయను గానీ, ఆ వీధి మీదుగా ఇప్పటికీ వెళ్ళబుద్ధి కాదు.

మిగతా చోట్ల ఎవరూ నేరుగా వద్దని అనలేదు. ఇదే ఈ వ్యవహారంలో మనిషిని తినేసే సంగతి. "మీ పాపకే ఇబ్బంది అవుతుంది", "మా దగ్గర ప్రత్యేక టీచరు లేరు", "మిగతా తల్లిదండ్రులు ఏమంటారో", "వచ్చే ఏడాది చూద్దాం". కాఫీ ఇచ్చి మరీ చెప్పినవాళ్ళున్నారు. ఒకరు గట్టిగా కాదంటే పోట్లాడవచ్చు. ఇంత మర్యాదతో ఎలా పోట్లాడాలి? మా ఆయన ఒక రాత్రి, "పోనీ ఒక ఏడాది ఆపుదామా" అన్నారు. ఇద్దరం చాలాసేపు మాట్లాడుకోలేదు.

అప్పుడే మండలంలోని భవిత కేంద్రానికి వెళ్ళాను. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం, సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ విద్యా పథకం కింద నడుస్తాయి ఇవి. అక్కడ పనిచేసే ప్రత్యేక టీచర్లను ఐఈఆర్‌పీలు అంటారు. మాతో మాట్లాడిన ఆవిడ రెండు కాగితాలు ముందు పెట్టి చదివించారు. వికలాంగుల హక్కుల చట్టం, 2016లోవి. 16వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ గుర్తింపు ఉన్న విద్యాసంస్థలు ఈ పిల్లలను వివక్ష లేకుండా చేర్చుకోవాలి, అవసరానికి తగిన సదుపాయం చేయాలి. ఉచిత విద్య గురించి చెప్పేది 31వ సెక్షన్, అది ఆరేళ్ళ నుంచి పద్దెనిమిదేళ్ళ వరకే. అంటే నాలుగేళ్ళ పిల్ల ఫీజు మేమే కట్టుకోవాలి. చేర్చుకోమని అడగడానికి మాత్రం వయసు అడ్డు కాదు. పిల్లలకు పరీక్ష పెట్టి వడకట్టడాన్ని విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ నిషేధిస్తుందనీ, మొదటిసారి జరిమానా 25,000 రూపాయల దాకా ఉంటుందనీ కూడా చెప్పారు. ఒంటికాలి ప్రశ్న గుర్తొచ్చి నాకు ఒళ్ళు మండింది. ఫిర్యాదు రాద్దామన్నాను.

ఆవిడ నవ్వి, "రాయండి, నేనే మండల విద్యాధికారికి ఇస్తాను. కానీ ఆ బడిలో పాప రోజూ ఆరు గంటలు ఉండాలి. భయపడి చేర్చుకున్నవాళ్ళు పిల్లను ఎలా చూస్తారో ఆలోచించండి" అన్నారు. ఇంకో సలహా ఇచ్చారు: పేరున్న బడి వద్దు, ఎల్‌కేజీ గది కింద ఉన్న బడి చూడండి, ప్రిన్సిపాల్ కన్నా ముందు ఆ తరగతి టీచరుతో, ఆయమ్మతో మాట్లాడండి, మరుగుదొడ్డి చూడకుండా ఫీజు కట్టకండి. ఫిర్యాదు నేను రాయలేదు. అది సరైనదో కాదో ఇప్పటికీ చెప్పలేను.

అలా మార్చిలో దొరికింది మా ఇంటికి రెండు కిలోమీటర్ల దూరంలోని చిన్న బడి. కరస్పాండెంట్ అరవై దాటిన ఆవిడ. "నాకు ఇలాంటి పిల్లలను చూసిన అనుభవం లేదమ్మా. ఒక నెల చూద్దాం" అన్నారు. ఆ "ఒక నెల" నచ్చకపోయినా, అనుభవం లేదని ఒప్పుకున్నది ఆవిడొక్కరే. మర్నాడు ఒక హామీ పత్రం ముందు పెట్టారు: పాపకు ఏం జరిగినా బడికి బాధ్యత లేదట. దాని మీద సంతకం పెట్టనన్నాను. ఇంటికి తెచ్చి మా ఆయనా నేనూ తిరగరాశాం. పాపకు ఏ సాయం కావాలి, అందులో బడి ఏం చేస్తుంది, మేం ఏం చేస్తాం, పడిపోతే ఎవరికి ఫోను చేయాలి, ఏం చేయకూడదు (చంకల కింద చేతులు వేసి ఎత్తకూడదు, ఒక్క చెయ్యి పట్టి లాగకూడదు) అని ఒక పేజీ. ఆవిడ చదివి, "ఇదే నయం" అని సంతకం పెట్టారు. మీ బడి కూడా అలాంటి పత్రం అడిగితే ఎదురు పత్రం మీరే రాసి తీసుకెళ్ళండి.

ఖర్చుల దగ్గరికి వస్తాను. పాపతోనే ఉండే సహాయ టీచరును పెట్టుకోమని మొదట అడిగారు. వాకబు చేస్తే నెలకు 15,000 అన్నారు, అదీ గుంటూరు నుంచి రావాలి. మా వల్ల కాలేదు. చివరికి ఎల్‌కేజీ ఆయమ్మకు బడి ద్వారా నెలకు 2,500 అదనంగా ఇచ్చేలా మాట్లాడుకున్నాం. చట్టప్రకారం ఆ సదుపాయం బడే చేయాలి. ఆ సంగతి తెలిసీ ఇస్తున్నాను, ఇచ్చిన ప్రతిసారీ కోపం వస్తుంది. కానీ పాప ఆ బడిలో నిలిచిందంటే ఆ ఆయమ్మ వల్లే. చట్టం, సర్టిఫికెట్, నా వాదనలు గేటు దాటించాయి. ఆ తరువాతి పనంతా ఆవిడదే.

కుర్చీ, బల్ల వడ్రంగి చేత చేయించాం, 4,200. ముందుకు జారకుండా కాళ్ళ మధ్య చిన్న దిమ్మ, పాదాలకు పలక, బల్లకు పొట్ట దగ్గర అర్ధచంద్రాకారంలో కోత. ఫిజియో కొలతలు రాసిచ్చి, కాళ్ళ తొడుగులు, బూట్లు వేసి ఉండగానే కొలవమని గట్టిగా చెప్పారు. అవి వేస్తే ఎత్తు ఒక అంగుళం దాకా మారుతుంది. ఏఎఫ్‌ఓ అంటారే, పాదం నుంచి మోకాలి కింద వరకు పట్టి ఉంచే ప్లాస్టిక్ తొడుగులు, అవి జత 7,500 పడ్డాయి. ఏడాది తిరక్కుండానే పొట్టివైపోతాయి. వాటి మీదికి యూనిఫారం బూట్లు ఎక్కించడం మరో పెద్ద పని. రెండు సైజులు పెద్దవి కొని లోపలి అట్ట తీసేస్తే గానీ పట్టలేదు. తాళ్ళవి వద్దు, అంటించే పట్టీలవి కొనండి. మోకాళ్ళ దాకా వచ్చే నూలు మేజోళ్ళు రోజుకు రెండు జతలు కావాలి, మన ఎండలకు ఆ ప్లాస్టిక్ కింద చర్మం పాసిపోతుంది. ఎల్‌కేజీ ఫీజు 24,000, ఆటో నెలకు 2,200 అయ్యాయి. మరుగుదొడ్డిలో గోడకు స్టీలు పిడి మేమే వేయించాం, 650 అయింది. దాన్ని ఇప్పుడు ఎల్‌కేజీ పిల్లలందరూ పట్టుకుంటున్నారు.

2024 జూన్ రెండో వారంలో బడి తెరిచారు. మొదటి వారం నేను వరండాలోనే కూర్చున్నాను. పాప తలుపులోంచి నన్ను చూసి ఏడవడం, నేను లేవడం, మళ్ళీ ఏడవడం. టీచరు వచ్చి, "మీరు గేటు బయటికి వెళ్తే గానీ నేను పాఠం చెప్పలేను" అంది. నాకు రోషం వచ్చింది. వెళ్ళి ఎదురుగా కిరాణా కొట్టు దగ్గర నిలబడ్డాను. పావుగంటలో ఏడుపు ఆగిపోయింది. అది మరీ బాధనిపించింది.

పిల్లలు వెక్కిరిస్తారని మా అత్తగారి భయం. జరిగింది వేరు. వాకరుకు ముందు రెండు చక్రాలున్నాయి కదా, దాని కోసం వరుస కట్టారు. ఒక అబ్బాయి వాళ్ళ నాన్నను గేటు దగ్గరికి లాక్కొచ్చి, "నాకూ ఇది కొను" అని మారాం. ఆ తండ్రి ముఖం చూడాలి. పాప వాకరును తన సొత్తుగా కాపలా కాయడం మొదలుపెట్టింది. ఇంట్లో ఎంత చెప్పినా పట్టుకోనిది, ఇంకొకరు తీసుకుంటారనే భయంతో వదలకుండా పట్టుకుంది. ఫిజియో ఈ సంగతి విని, నడక సాధన సమయం తగ్గించేశారు.

పెద్దవాళ్ళే కష్టం. జూలైలో ఒక తల్లి కరస్పాండెంట్‌కు ఫిర్యాదు చేసింది, మా పాపను చూసుకోవడంలో టీచరు మిగతావాళ్ళను పట్టించుకోవడం లేదని. కరస్పాండెంట్ నన్ను పిలిచి చెప్పారు, కానీ చేర్పు రద్దు మాట ఎత్తలేదు. "ఒక నెల" అప్పటికి దాటిపోయింది, ఆవిడ మరిచిపోయారో మరిచిపోయినట్టు ఉన్నారో. నేనూ గుర్తు చేయలేదు.

సెప్టెంబరు మొదట్లో భారీ వర్షాలు, కృష్ణకు వరద వచ్చి సెలవులిచ్చారు. తిరిగి తెరిచాక మళ్ళీ ఏడుపు, జూన్‌లో లాగే. దసరా తరువాతా అంతే. ప్రతి పెద్ద సెలవు తరువాత వారం పోతుందని లెక్క వేసుకోండి.

రాత దగ్గర మాత్రం యుద్ధమే. ఎల్‌కేజీ పిల్లలకు రోజుకు పేజీలు పేజీలు రాయించడం మన బడుల జబ్బు. పాప వేళ్ళు సగం పేజీకే బిగుసుకుంటాయి. పెన్సిలుకు స్పాంజి చుట్టాం, లావు క్రేయాన్లు ఇచ్చాం, బల్ల మీద పలకను ఏటవాలుగా పెట్టాం. అయినా తోటివాళ్ళంత కాదు. నోటుపుస్తకంలో ఎర్ర సిరాతో "అసంపూర్తి" అని రోజూ వచ్చేది. భవిత కేంద్రం ఆవిడ ఒకరోజు బడికి వచ్చి టీచరుతో కూర్చున్నారు. ఆ తరువాత ఒక వరుస రాస్తే చాలు, మిగతాది నోటితో చెప్పాలి అని తీర్మానం. ఎర్ర సిరా తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. టీచరు చెడ్డది కాదు. ముప్ఫై మంది పిల్లలు, పొద్దున ప్రార్థన నుంచి సాయంత్రం డైరీల దాకా ఒక్కతే.

జనవరిలో వార్షికోత్సవం. డాన్సు మాస్టరు పాప పేరు రాసుకోలేదు. టీచరే పట్టుబట్టి పద్యం చెప్పడానికి పెట్టింది. వేదిక మీద కుర్చీలో కూర్చుని రెండు పాదాలు చెప్పి, జనాన్ని చూసి ఆపేసింది. మైకు తిరిగి ఇవ్వదు, పద్యం చెప్పదు. చివరికి ఆయమ్మ వచ్చి ఎత్తుకుపోయింది, ఎలా ఎత్తాలో అలాగే, తుంటి కింద చెయ్యి వేసి. మా అత్తగారు ముందు వరుసలో కూర్చుని, "మా మనవరాలే" అని అందరికీ చెప్పుకుంటున్నారు.

ఈ ఏడాది కొత్త చిక్కు. యూకేజీ గది మేడ మీద. ఏప్రిల్‌లోనే అడిగితే కరస్పాండెంట్ రెండు తరగతుల గదులు మార్చడానికి ఒప్పుకున్నారు. యూకేజీ టీచరుకు మాత్రం ఇష్టం లేదు, కింది గదిలో గాలి రాదట. అది నిజమే. ఫ్యాను ఒకటి మేం కొనిచ్చాం. మేలో పాపకు ఐదేళ్ళు నిండాయి, ఆధార్‌లో వేలిముద్రలు వేయించాల్సి వచ్చింది. వేళ్ళు తెరుచుకోక, యంత్రం ఒప్పుకోక మధ్యాహ్నమంతా పట్టింది. కేంద్రంలోని అబ్బాయి గోరువెచ్చని నీళ్ళలో చెయ్యి ముంచి తుడిస్తే వేళ్ళు సాగాయి. వెళ్ళేటప్పుడు ఫ్లాస్కు తీసుకెళ్ళండి.

ఒకటో తరగతికి, విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రైవేటు బడులు కేటాయించాల్సిన 25 శాతం సీట్ల కింద దరఖాస్తు చేద్దామనుకుంటున్నాం. మన రాష్ట్రంలో అందులో 5 శాతం అనాథ పిల్లలకు, హెచ్‌ఐవీ బాధిత పిల్లలకు, వికలాంగ పిల్లలకు కేటాయించారు. నోటిఫికేషను వచ్చేలోగా సదరం పునఃపరీక్ష చేయించాలి. ఇప్పుడు మొదలుపెడుతున్న తల్లులెవరైనా ఉంటే, దసరాకల్లా డీఈఐసీ రిపోర్టు, సదరం స్లాటు ఒక దారికి తెచ్చుకోండి, జనవరిలో బడులకు వెళ్ళండి. వెళ్ళినప్పుడు ముందు మరుగుదొడ్డి చూపించమని అడగండి.